ప్రైవేటు శాటిలైట్ ఫొటోలు డబ్బులిస్తే ఎవరికైనా అమ్ముతారా? యుద్ధంలో వీటితో నిజంగా ఒరిగేదేంటి?

కృష్ణాతీరం92 అడిగారు:

అందరికీ నమస్తే అండి. చాన్నాళ్ళ నుంచి ఉన్న డౌటు ఇది. ఆపరేషన్ సిందూర్ అప్పుడు టీవీల్లో పాకిస్తాన్ ఎయిర్‌బేసుల ఫొటోలు దాడికి ముందు ఇలా తర్వాత ఇలా అని పక్కపక్కన పెట్టి చూపించారు కదా, నూర్‌ఖాన్, భోలారీ, సర్గోదా, రహీమ్ యార్ ఖాన్ ఇవన్నీ. మా ఇంట్లో అందరూ అవి ఇస్రో తీసినవే అని ఫిక్సయిపోయారు గానీ కింద మూల చూస్తే చాలావాటి మీద మాక్సర్ అని అమెరికా కంపెనీ పేరుంది. మరి ఆ కంపెనీ పాకిస్తాన్ బేసుల ఫొటోలు అలా అందరికీ ఇచ్చేస్తుంటే రేపు మన ఆదంపూర్, ఉధంపూర్ ఫొటోలు కూడా ఇస్తుందిగా? డబ్బులుంటే ఎవడైనా కొనుక్కోవచ్చా? ఇంకోటి, పెద్ద దేశాలన్నిటికీ సొంత గూఢచారి శాటిలైట్లు ఉంటాయి కదా, అలాంటప్పుడు ప్రైవేటు వాళ్ళ బొమ్మలతో సైన్యాలకి పనేంటి, లేక ఇదంతా టీవీ వాళ్ళ హడావుడేనా? తెలిసినోళ్ళు కొంచెం వివరంగా చెప్పండి, మా బావ వాట్సాప్‌లో పెట్టే థియరీలు విని విని విసుగొచ్చింది.

పిక్సెల్‌పంతులు:

నేను హైదరాబాద్‌లో జీఐఎస్ (శాటిలైట్ ఫొటోలతో మ్యాపులు చేసే) పనే చేస్తా, మాది పంటలు, చెరువుల లెక్కలు, మిలిటరీతో సంబంధం లేదు, కానీ కొనేది ఇవే కంపెనీల దగ్గర కాబట్టి అమ్మకం ఎలా ఉంటదో తెలుసు. అమ్ముతారు, కానీ అడిగిన ప్రతోడికీ కాదు. అమెరికా కంపెనీ అయితే అక్కడి ప్రభుత్వం లైసెన్సు మీద నడవాలి, ఆంక్షల లిస్టులో ఉన్నవాళ్ళకి అమ్మకూడదు, అవసరమైతే ఫలానా చోటు ఫొటోలు ఆపండి అనే హక్కు కూడా లైసెన్సులోనే రాసుకున్నారు. 2001లో అఫ్గానిస్తాన్ మీద బాంబులు మొదలైనప్పుడు తమాషా ఏంటంటే ఆ హక్కు జోలికి పోకుండా డబ్బుతో పని కానిచ్చారు. అప్పటికి ఐకోనోస్ అని ఒకటే మంచి ప్రైవేటు శాటిలైట్ ఉండేది, 1999లో వెళ్ళింది, మీటరు రిజల్యూషన్. అఫ్గాన్ మీద అది తీసే ఫొటోలన్నీ నెలకి సుమారు 19 లక్షల డాలర్లు పెట్టి మొత్తం తామే కొనేశారు, ఇక పత్రికలోడికి గానీ ఇంకోడికి గానీ కొందామన్నా సరుకు లేదు.

రిజల్యూషన్ గురించి టీవీల్లో చెప్పేది నమ్మొద్దు. ఇప్పుడు మార్కెట్లో దొరికేవాటిల్లో మంచిది 30 సెంటీమీటర్లు, అంటే ఫొటోలో ఒక్కో చుక్క నేల మీద 30 సెంటీమీటర్ల గడి అన్నమాట. మన స్విఫ్ట్ కారుని తీసుకుంటే పొడవు 13 చుక్కలు, వెడల్పు 6 చుక్కలు వస్తది. కారని తెలుస్తది, నంబర్ ప్లేటు సంగతి దేవుడెరుగు, ఏ కంపెనీ కారో కూడా చెప్పలేం. మనిషి పైనుంచి చూస్తే ఒకటో రెండో చుక్కలు, పొద్దున పూట నీడ పొడుగ్గా పడితే మనిషేమో అని అనుమానించొచ్చు అంతే. ప్లానెట్ అనే ఇంకో కంపెనీ చిన్న చిన్న డోవ్ శాటిలైట్లతో రోజూ భూమి మొత్తం తీస్తది కానీ అది 3 మీటర్లు, అందులో మన స్విఫ్ట్ పొడవు ఒకటింపావు చుక్క. అయినా అది తక్కువదేం కాదు, ఎందుకంటే నిన్న లేని కందకం ఇవాళ కనపడితే, నిన్న పచ్చగా ఉన్న చోటు ఇవాళ నల్లగా కాలి ఉంటే అదే పట్టిస్తది, అక్కడికి పెద్ద కెమెరా తిప్పమని ఆర్డర్ పెట్టుకోవచ్చు.

ఇంకో విషయం చాలామందికి తెలీదు, ఈ మామూలు కెమెరా శాటిలైట్లలో చాలావరకు ఏ ఊరి మీదికైనా ఆ ఊరి టైము ప్రకారం పొద్దున పదిన్నర అటూఇటూగానే వస్తాయి, వెలుతురూ నీడా రెండూ బాగుంటాయని కక్ష్య అలా పెడతారు. దాంతో దాచుకునేవాడికి ఏ టైములో దాచుకోవాలో ముందే తెలుసు. అందుకే ఈ మధ్య వేరే కోణంలో తిరిగేవి, రోజుకి చాలాసార్లు వచ్చేవి పంపుతున్నారు. ఇక రాత్రి, మబ్బు ఉంటే రాడార్ శాటిలైట్లే దిక్కు. 2022 ఫిబ్రవరిలో కపెల్లా అనే కంపెనీ రాడార్ ఫొటోలో రష్యాలోని బెల్గొరోడ్ దగ్గర రోడ్డు పక్కన బండ్లు వరసగా మోహరించి కనపడ్డాయి, కాలిఫోర్నియాలో జెఫ్రీ లూయిస్ అనే ప్రొఫెసర్ టీమ్ ఆ చోటునే గుర్తుపెట్టుకుని గూగుల్ మ్యాప్స్ తెరిచి కూర్చుంటే 24వ తేదీ తెల్లవారుజాము మూడుంపావుకి బోర్డర్ వైపు రోడ్డు మీద ట్రాఫిక్ జామ్ ఎర్రగీత వచ్చింది. అది సైనికుల ఫోన్లది కాకపోవచ్చు, వాళ్ళు రోడ్డెక్కితే దారి మూసేసినచోట ఇరుక్కుపోయిన మామూలు జనం ఫోన్లది. పుతిన్ టీవీలోకి వచ్చి ప్రకటించకముందే వీళ్ళకి బండ్లు కదిలాయని తెలిసిపోయింది.

మాజీఫౌజీ_శ్రీకాకుళం:

పంతులు గారు బాగా చెప్పారు. నేను సిగ్నల్స్‌లో పని చేసి వచ్చానండి, ఇమేజరీ నా పని కాదు, అందుకని పేపర్లో వచ్చిన సంగతులే చెప్తాను. సొంత శాటిలైట్లు ఉండగా ప్రైవేటువి ఎందుకు అని అడిగారు కదా బాబూ, సొంతవాటితో చిక్కేంటంటే ఆ ఫొటో ఎవరికీ చూపించలేం. చూపిస్తే మన కెమెరా కన్ను ఎంత పదునో అవతలోడికి చెప్పేసినట్టే. 2019 ఆగస్టులో ట్రంప్ గారు ఇరాన్ లాంచ్‌ప్యాడ్ మీద రాకెట్ పేలిపోయిన ఫొటో ఒకటి ట్విట్టర్లో పెట్టేశారు గుర్తుందా, ఇంట్లో కూర్చుని ఆకాశంలో శాటిలైట్లు లెక్కబెట్టే ఔత్సాహికులు ఆ ఫొటోలో నీడల కోణం పట్టుకుని అది యూఎస్ఏ 224 అనే గూఢచారి శాటిలైట్ తీసిందని తేల్చేశారు.

ప్రైవేటు ఫొటోకి ఆ భయం లేదు, ప్రపంచం మొత్తానికి చూపించొచ్చు, పేపర్లో వేయించొచ్చు, యూఎన్‌లో పెట్టొచ్చు. ఉక్రెయిన్‌లో కీవ్‌కి ఉత్తరాన 64 కిలోమీటర్ల పొడవున రష్యా బండ్ల బారు నిలబడిపోయింది అని లోకమంతా చూసింది మాక్సర్ ఫొటోల్లోనే. అంతకన్నా పెద్దది కీవ్ పక్కనున్న బుచా అనే ఊరి సంగతి. రష్యా సైన్యం 2022 మార్చి 30కల్లా వెళ్ళిపోయింది, రోడ్డు మీద శవాలు ఆ తర్వాత ఎవరో తెచ్చి పడేసిన నాటకం అని మాస్కో అన్నది. న్యూయార్క్ టైమ్స్ వాళ్ళు యాబ్లోన్స్కా వీధి పాత శాటిలైట్ ఫొటోలు తీయించి చూస్తే మార్చి 11 నాటికే ఆ రోడ్డు మీద మనిషంత పొడవు నల్లటి మచ్చలు ఉన్నాయి, ఏప్రిల్లో కారులోంచి తీసిన వీడియోలో శవాలు పడి ఉన్నదీ సరిగ్గా ఆ చోట్లలోనే. ఆ రోజు ఆ ఫొటో తీసినవాడికి అందులో ఏం ఉందో తెలియదు, ఊరికే తీసి దాచిన ఫొటో మూడు వారాల తర్వాత సాక్ష్యం అయింది. నా దృష్టిలో యుద్ధంలో ఈ కంపెనీలు చేసిన అసలు పని అది, బాంబులు వేయించడం కన్నా.

మనకి ఎదురు తగిలిన కేసు కూడా చెప్పాలి, లేకపోతే న్యాయం కాదు. 2019 బాలాకోట్ దాడి తర్వాత వారం తిరక్కుండా ప్లానెట్ వాళ్ళు తీసిన ఫొటో పట్టుకుని రాయిటర్స్, మనవాళ్ళు కొట్టామన్న మదరసా భవనాలు నిలబడే ఉన్నాయని రాసింది. మనవాళ్ళేమో స్పైస్ బాంబు పైకప్పుకి చిన్న కన్నం చేసి లోపలికి దిగి పేలుతుంది, గోడలు పడవు అన్నారు. ఆ ఫొటో 72 సెంటీమీటర్లది, అలాంటి కన్నం అందులో ఒక చుక్కంత, కనపడిందా లేదా అని నేటికీ కొట్టుకుంటున్నారు. మన దగ్గరున్న ఫొటో బయట పెట్టలేదు, కారణం పైన చెప్పిందే. ఇక్కడ నవ్వొచ్చే సంగతేంటంటే ఆ ఫొటో తీసిన రకం ప్లానెట్ శాటిలైట్, స్కైశాట్ అంటారు, ఒకటి 2016లో మన శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ సీ34 మీద వెళ్ళిందే, 2017లో ఒకేసారి 104 శాటిలైట్లు పంపాం అని సంబరం చేసుకున్నాం కదా, అందులో 88 ప్లానెట్ వాళ్ళ డోవ్‌లే. సూళ్ళూరుపేట జనం మేడలెక్కి చప్పట్లు కొట్టి పంపించిన కెమెరాలు అవి.

ఓరుగల్లు_పోరడు:

ఫౌజీ సాబ్ మీరు చెప్పింది అంతా కరెక్టే గానీ అసలు ముచ్చట వదిలేసిన్రు. ఈ ఫొటోలు ఎంత మంచిగున్నా కుళాయి ఎవని చేతిల ఉన్నదన్నదే పాయింటు. 2025 ఫిబ్రవరి ఆఖర్ల జెలెన్‌స్కీకి ట్రంప్‌కి వైట్‌హౌస్‌ల లొల్లి అయినంక మార్చిల ఏమైందో చూడున్రి, అమెరికా ప్రభుత్వం కట్టే పైసల మీద నడిచే మాక్సర్ పోర్టల్‌ల ఉక్రెయిన్ అకౌంట్లు బంద్ అయిపోయినయ్. కంపెనీ ఏమన్నది, అది ప్రభుత్వం ప్రోగ్రాం, వాళ్ళు ఆపమన్నరు మేం ఆపినం అన్నది. జెడ్డాల మళ్ళ మాట్లాడుకున్నంక తిరిగి ఇచ్చిన్రు. కొద్ది రోజులే కావచ్చు కానీ రోజూ పొద్దున లేచి ఆ ఫొటో చూసి ప్లాన్ చేసుకునేటోనికి ఆ కొద్ది రోజులు ఎట్లుంటదో ఆలోచించున్రి. ప్రైవేటు అని పేరే గానీ పెద్ద కస్టమర్ సర్కారే, మాట చెల్లేది కూడ గానిదే.

ఉక్రెయిన్ వాళ్ళు ఇది ముందే కొంత పసిగట్టిన్రు అనిపిస్తది నాకు. 2022ల ప్రితులా అని టీవీ యాంకర్, ఆయన ఫౌండేషన్ బైరక్తార్ డ్రోన్లు కొందామని జనాల దగ్గర చందా ఎత్తితే మూడు రోజులల్ల సుమారు 60 కోట్ల హ్రివ్నియాలు (వాళ్ళ కరెన్సీ) పడ్డయ్. టర్కీ కంపెనీ పైసలు వద్దు డ్రోన్లు ఊరికే ఇస్తం అన్నది. అప్పుడు ఆ పైసల తోటి ఫిన్లాండ్ కంపెనీ ఐసై దగ్గర ఆల్రెడీ పైన తిరుగుతున్న ఒక రాడార్ శాటిలైట్‌నే మాట్లాడుకున్నరు, అది ఉక్రెయిన్ మీద పనిచేసుడు మొత్తం వీళ్ళ కోసమే. చందా పైసల తోటి శాటిలైట్, మన దగ్గర వినాయకుని చందా మీద ఇంత ఆలోచన చేస్తమా చెప్పున్రి 😄

అందుకే నేననేది మనం కూడ అమెరికా ఫొటోలు చూసి మురుసుడు ఆపి సొంతంగ పెంచుకోవాలె. కార్టోశాట్-3 ఉన్నది మంచిగనే, 30 సెంటీమీటర్ల లోపే చూస్తది, కానీ ఒక్కటి ఉంటే ఏం లాభం, అది మళ్ళ అదే చోటికి రావాలంటే రోజులు పడ్తది. సిందూర్ అయిన కొద్ది రోజులకే 2025 మే 18న పంపిన ఈఓఎస్-09 రాడార్ శాటిలైట్ రాకెట్ ఫెయిలయి పోయింది, అప్పుడే అది చేతికి రావాల్సింది. నిఘా కోసం 52 శాటిలైట్లు అని 2024ల సుమారు 27 వేల కోట్లకి ఓకే చేసిన్రు, అందుల 31 ప్రైవేటు కంపెనీలు చేయాలంట. ఎప్పటికి పైకి పోతయో చూడాలె.

సందేహాలరాయుడు:

మీరంతా శాటిలైట్ ఫొటో అంటే బ్రహ్మాస్త్రం అన్నట్టు మాట్లాడుతున్నారు, నాకైతే అంత సీన్ లేదనిపిస్తది. ఆ 64 కిలోమీటర్ల బారుని లోకమంతా చూసింది, సరే, చూసినందుకు ఆగిందా? డీజిల్ లేక, బురదలో దిగబడి, ఉక్రెయిన్ వాళ్ళు చిన్న చిన్న టీములుగా వచ్చి కొడితే ఆగింది. ఆర్డర్ పెట్టి, శాటిలైట్ ఆ చోటికొచ్చి, ఫొటో కిందికి దిగి, ఎవడో కూర్చుని చూసి చెప్పేసరికి గంటలు గడుస్తాయి, ఈలోపు మిసైల్ లాంచర్ బండి ఊరు దాటి ఉంటది. కదిలేదాన్ని కొట్టాలంటే డ్రోనే పైన ఉండాలి. ఎయిర్‌బేసు, బ్రిడ్జి, ఆయిల్ డిపో, ఇలా కాళ్ళు లేనివాటికే ఈ ఫొటోలు పనికొచ్చేది, కొట్టాక దెబ్బ ఎంత తగిలిందో చూసుకోవడానికి ఇంకా ఎక్కువ పనికొస్తాయి, ఒప్పుకుంటా.

మోసం చెయ్యడం కూడా తేలికే. రష్యా వాళ్ళు ఎయిర్‌ఫీల్డుల్లో నేల మీద విమానం బొమ్మలు పెయింటుతో గీసేశారు. పైనుంచి చూస్తే విమానమే, కానీ పెయింటుకి నీడ పడదు కదా, దాంతో పట్టేశారు. 2023లో ఎంగెల్స్ బేసులో పెద్ద బాంబర్ల రెక్కల మీద లారీ టైర్లు పరిచి పెట్టారు, అందరూ నవ్వారు, తర్వాత అమెరికా సెంట్రల్ కమాండ్ టెక్నాలజీ అధికారి ఒకావిడే చెప్పింది, అది ఫొటోతో పోల్చుకుని దూసుకొచ్చే మిసైల్ బుర్రని తికమక పెట్టడానికి అని. చవకలో అయిపోయే పని.

ఫోర్డో సంగతి చూడండి. 2025 జూన్ 19న ఇరాన్‌లో ఫోర్డో అనే అణు కేంద్రం ఉన్న కొండ సొరంగం దారిలో 16 లారీలు వరసగా ఉన్నాయని మాక్సర్ ఫొటో. లారీలు లెక్కపెట్టారు బాగుంది, లోపల ఏముంది? యురేనియం తీసుకెళ్ళాయా, సొరంగం ద్వారాలు పూడ్చడానికి మట్టి తెచ్చాయా? 22న అమెరికా బాంబులేశాక కొండ మీద కన్నాలు కనపడ్డాయి, కింద ఎన్ని మీటర్ల లోతులో ఏం పగిలిందో ఫొటో చెప్పలేదు. ఒకే ఫొటో పెట్టుకుని ఒక చానెల్ మొత్తం ధ్వంసం అంది, ఇంకో చానెల్ ఏమీ కాలేదంది.

కృష్ణాతీరం92:

అందరికీ థాంక్సండి, ఇంత వివరంగా వస్తదనుకోలేదు. రాయుడు గారి మాట కూడా సబబే. కానీ నా మొదటి ప్రశ్న ఇంకా అలాగే ఉంది, మన బేసుల ఫొటోలు అమ్మకుండా మన ప్రభుత్వం బ్యాన్ చేయించలేదా? పహల్గాం దాడికి ముందు ఎవరో ఆ ఏరియా ఫొటోలు కొన్నారని కూడా విన్నా, అది నిజమా? ఇంకా మా బావ సిందూర్ అప్పుడు ఆదంపూర్‌లో మన విమానం కాలిపోయిందని ఒక శాటిలైట్ ఫొటో పంపాడు, అలాంటివి నిజమో కాదో మనలాంటోళ్ళం చెక్ చేసుకునే దారి ఉందా?

పిక్సెల్‌పంతులు:

బ్యాన్ గురించి, 2005లోనే అబ్దుల్ కలాం గారు రాష్ట్రపతిగా ఉన్నప్పుడు గూగుల్ ఎర్త్‌లో అన్నీ ఇలా కనపడితే ప్రమాదం అని బహిరంగంగానే అన్నారు. అప్పుడు ఒక అమెరికా కంపెనీతో మాట్లాడుకుంటే సరిపోయేదేమో. ఇజ్రాయెల్‌కి అలాంటి వెసులుబాటు ఉండేది, వాళ్ళ నేల ఫొటోలు 2 మీటర్ల కన్నా స్పష్టంగా అమ్మొద్దని 1996లో చేసిన అమెరికా చట్టం కింద కట్టడి, 2020లో దాన్నీ 40 సెంటీమీటర్లకి సడలించారు, ఎందుకంటే బయటి దేశాల కంపెనీలు ఎలాగూ అమ్ముతుంటే వీళ్ళొక్కళ్ళే మానుకుని లాభం లేదు. ఇప్పుడు మనకి ఎదురుగా ఉన్నది ఒక చైనా కంపెనీ నడిపే జిలిన్-1, వందకి పైగా శాటిలైట్లు. యెమెన్ హౌతీలకి అమెరికా ఓడల మీద గురి పెట్టుకునే ఫొటోలిచ్చిందని ఆ కంపెనీ మీద 2025లో అమెరికానే ఆరోపించింది. అంతకుముందు రష్యా కిరాయి సైన్యం వాగ్నర్‌కి ఉక్రెయిన్ రాడార్ ఫొటోలు చేరవేసిందని స్పేసిటీ అనే ఇంకో చైనా కంపెనీ మీద ఆంక్షలు పెట్టింది. ఢిల్లీ నుంచి ఎవరికి లెటర్ రాస్తాం? బేసు మీద కప్పు వేసుకోవడం, విమానాల్ని గట్టి షెల్టర్లలో పెట్టడం, అదే జరిగే పని.

పహల్గాం విషయం, 2025 ఫిబ్రవరిలో ఆ ప్రాంతం ఫొటోలకి ఆర్డర్లు మామూలు కన్నా బాగా పెరిగాయని దాడి తర్వాత ది ప్రింట్ అనే న్యూస్ సైటు రాసింది. కొన్నదెవరో బయటికి రాలేదు. అనుమానం వచ్చిన పాకిస్తానీ పార్ట్‌నర్ కంపెనీ ఆ ఆర్డర్లు పెట్టలేదని మాక్సర్ చెప్పింది, పార్ట్‌నర్ల లిస్టులోంచి మాత్రం ఆ పేరు తీసేసింది. అంతవరకే, మిగతాదంతా యూట్యూబ్ మసాలా.

మీ బావగారి ఫొటో నాకూ వచ్చింది. సుఖోయ్ కాలిపోయింది అన్నారు, ఇమేజరీ చూసేవాళ్ళు తేల్చిందేంటంటే అది యుద్ధానికి ముందు మార్చి నెల ఫొటో, మెయింటెనెన్స్‌లో ఉన్న మిగ్-29, ఆ నలుపు ఇంజిన్ టెస్ట్ చేసే చోట రోజూ పడే మసి. మీరు చెయ్యగలిగింది, కోపర్నికస్ బ్రౌజర్ అని యూరప్ వాళ్ళ సైటు ఉంది, ఫ్రీ, అకౌంటు కూడా అక్కర్లేదు చూడటానికి. చోటు వెతుక్కుని సెంటినెల్-2 శాటిలైట్ పెట్టుకుని దాడికి ముందు తేదీ, తర్వాత తేదీ మార్చి మార్చి చూడండి. 10 మీటర్లే కాబట్టి విమానం కనపడదు, కానీ హ్యాంగర్ తగలబడినా, ఆయిల్ ట్యాంకు పేలినా నల్ల మచ్చ ఖచ్చితంగా తెలుస్తది. మబ్బు పడితే సెంటినెల్-1 రాడార్ ఉంటది, అది చదవడానికి అలవాటు కావాలి. గాజాలో ఎన్ని బిల్డింగులు దెబ్బతిన్నాయని పేపర్లలో వచ్చిన మ్యాపులు చాలావరకు ఈ ఫ్రీ రాడార్ డేటా మీద ఇద్దరు అమెరికా రీసెర్చర్లు లెక్కకట్టినవే. ఫార్వర్డ్ ఫొటోలో తేదీ, చోటు రెండూ లేకపోతే ఇంత కష్టం కూడా వద్దు, డిలీట్ కొట్టండి.

ఓరుగల్లు_పోరడు:

అన్నా ఒక్క డౌటు, ఈ ప్రైవేటు శాటిలైట్ ఒక పక్షానికి ఇంత సాయం చేస్తుంటే రెండో పక్షం దాన్ని కూల్చేస్తే తప్పేమున్నది, అది కూడ సైన్యం లెక్కనే కదా?

మాజీఫౌజీ_శ్రీకాకుళం:

సరిగ్గా ఆ మాటే 2022 అక్టోబరులో యూఎన్‌లో రష్యా దౌత్యవేత్త వొరొంత్సోవ్ అన్నాడు బాబూ, ఇలాంటి సగం సివిల్ శాటిలైట్లు ప్రతీకార దాడికి న్యాయమైన టార్గెట్ అవ్వొచ్చు అని. మిసైల్‌తో కూల్చడం కొంచెం ఆలోచించే పని, ముక్కలు వాళ్ళ శాటిలైట్లకీ తగులుతాయి, 2021లో తమ పాతదాన్నే పేల్చి చూసి స్పేస్ స్టేషన్‌లో తమవాళ్ళు కూడా పరుగెత్తి క్యాప్సూళ్ళలో కూర్చోవలసి వచ్చింది. అందుకని కింది నుంచి కొడతారు. ఉక్రెయిన్ మీదికి వచ్చిన రోజే వయాశాట్ ఇంటర్నెట్ శాటిలైట్ మోడెంలని హ్యాక్ చేసి వేలల్లో చంపేశారు, ఉక్రెయిన్ సైన్యం వాడే ఒక లింకు పోయింది, దాంతోపాటు ఎక్కడో మధ్య యూరప్‌లో ఒక జర్మనీ కంపెనీ 5,800 గాలిమరలకి కంట్రోల్ రూంతో కనెక్షన్ పోయింది. ఫొటో కంపెనీ అయినా అంతే, శాటిలైట్ పైన క్షేమంగా తిరుగుతుంటుంది, కింద డేటా దించే స్టేషనూ సర్వర్లే దెబ్బ తినేవి. మన షాద్‌నగర్‌లో శాటిలైట్ డేటా దించుకునే ఇస్రో సంస్థ ఎన్ఆర్ఎస్‌సీ వాళ్ళ పెద్ద పెద్ద డిష్షులు ఉన్నాయి చూడండి, కాపలా కాయాల్సింది ముందు అలాంటివాటికి.